బోదకాలు మందు ఇచ్చిన భీమవరం డాక్టరు

తోటపల్లి గూడూరు లాంటి తీర గ్రామాల పెద్దలకు బోదకాలు కొత్త మాటేమీ కాదు. ఆ జబ్బుకు వాడే డీఈసీ మాత్ర వెనక ఉన్నది మన తెలుగువాడే, యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుడి కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. సోదరుణ్ని స్ప్రూ వ్యాధి బలితీసుకుంది. తర్వాత అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో వెలుగులోకి తెచ్చారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ చికిత్సకూ పనికొచ్చింది. డీఈసీ 1947లో వచ్చింది.

ఫైలేరియా పురుగులు శోషరస నాళాల్లో కాపురముండి, పిల్ల పురుగులను రక్తంలోకి వదులుతాయి. గాజునాళికలో వాటిని ఈ మందు పెద్దగా ఏమీ చేయదు. ఒంట్లోకి వెళ్లాక మాత్రం గంటల్లోనే రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. రక్తనాళాల లోపొర కణాల్లో, ప్లేట్‌లెట్లలో రసాయన చర్యలను మార్చి, మన శరీరం చేతే పురుగును పట్టిస్తుందని తర్వాతి పరిశోధనలు సూచించాయి.

అయితే ఒకసారి దెబ్బతిన్న నాళాలు మాత్రతో బాగుపడవు. వాచిన కాలును రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తులో ఉంచుకోవాలి. వాపు మొదట్లోనే డాక్టరును కలవాలి.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు.