పిల్లల బొమ్మలే కదా అనుకోలేదామె!

బొమ్మల పుస్తకం కొని ఇంటికి తెస్తాం. మనం అక్షరాలు చదువుతుంటే ఒళ్ళో కూర్చున్న పాప బొమ్మ చదువుతుంటుంది. పేజీ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. కుందేలు కోటుకి ఎన్ని గుండీలున్నాయో, బుట్టలో ఏమేం ఉన్నాయో చూడటం దానికింకా పూర్తి కాలేదు మరి! ఇంతసేపు పిల్లను కదలకుండా కూర్చోబెట్టిన ఆ బొమ్మ ఎవరు వేశారని మాత్రం మనం సాధారణంగా అడగం. కథ ఎవరిదో చూస్తాం, ధర చూస్తాం. అంతే!

నాకు ఈ బొమ్మలు వేసేవాళ్ళ సంగతులు తెలుసుకోవడం సరదా. అలా తెలుసుకున్నవాళ్ళలో నాకు మరీ ఇష్టమైన మనిషి ఇంగ్లండుకు చెందిన బీట్రిక్స్ పాటర్. నీలిరంగు కోటు తొడుక్కున్న పీటర్ రాబిట్ అనే కుందేలుపిల్లను మీలో చాలామంది చూసే ఉంటారు. పుస్తకంలో కాకపోయినా ఏ పిల్లల కప్పు మీదో, చొక్కా మీదో కనిపించే ఉంటుంది. దానికి ప్రాణం పోసింది ఈమే. కథ ఆమెదే, బొమ్మలూ ఆమెవే.

గది నిండా ప్రాణులే

బీట్రిక్స్ 1866 జులై 28న లండన్‌లో బాగా కలవారింట పుట్టింది. తాతలు నూలుబట్టల వ్యాపారంలో గడించిన ఆస్తి అది. తండ్రి లాయరు చదువు చదివినా ఆయన ధ్యాసంతా ఫొటోలు తియ్యడం మీదే. డబ్బుకి లోటు లేదు. కానీ ఆ పిల్లకి స్నేహితులు లేరు. ఆరేళ్ళ చిన్నవాడైన తమ్ముడు బెర్‌ట్రమ్‌ని బయటి స్కూలుకి పంపారు గానీ ఆమెను పంపలేదు. ఇంటికొచ్చే పంతులమ్మలే చదువు చెప్పేవారు.

మరి ఆ అమ్మాయికి తోడెవరు? కుందేళ్ళు, ఎలుకలు, కప్పలు, బల్లులు, గబ్బిలం, ఒంటినిండా ముళ్ళుండే హెడ్జ్‌హాగ్ అనే బుల్లి జంతువు! అక్కాతమ్ముళ్ళిద్దరూ వాటిని గదిలోనే పెంచేవారు. గంటల తరబడి వాటి ముందు కూర్చుని బొమ్మలు వేసేవారు. ఏదైనా చచ్చిపోతే ఏడ్చి ఊరుకోలేదు. దాన్ని ఉడకబెట్టి ఎముకలు విడదీసి, మళ్ళీ వరసగా పేర్చి చూసేవారు. వినడానికి ఒళ్ళు జలదరిస్తుంది కదూ! కానీ కుందేలు వెనక్కాలు ఎక్కడ మడత పడుతుందో, మెడ ఎంతవరకు తిరుగుతుందో ఆమెకు బాగా తెలిసింది ఆ చదువువల్లనే.

పదిహేనేళ్ళప్పటి నుంచి ముప్పై ఏళ్ళదాకా ఆమె డైరీ రాసింది. మామూలు అక్షరాల్లో కాదు, తనే కల్పించుకున్న రహస్య లిపిలో. ఆమె పోయిన పదిహేనేళ్ళకి, 1958లో లెస్లీ లిండర్ అనే అభిమాని ఎంతో శ్రమపడి ఆ లిపి గుట్టు విప్పేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఒక్కత్తీ ఉన్న ఆడపిల్ల తన మనసులో మాటకు కూడా తాళం వేసుకోవలసి వచ్చిందంటే ఆ ఇల్లెలాంటిదో ఊహించుకోండి.

తలుపు తియ్యని సభ

ఇరవైల్లోకి వచ్చాక ఆమె చూపు పుట్టగొడుగుల మీద పడింది. సెలవులకు స్కాట్లాండ్ వెళ్ళినప్పుడు అడవుల్లో తిరిగి ఏరుకొచ్చి, వాటి గొడుగు కింద ఉండే సన్నటి రేకులతో సహా రంగుల్లో దించేది. చార్లెస్ మెకింటాష్ అనే పోస్ట్‌మన్ ఉండేవాడు. ఊరూరా ఉత్తరాలు పంచుతూనే మొక్కల గురించి ఎంతో నేర్చుకున్నవాడు. అరుదైన పుట్టగొడుగులు పంపిస్తూ ఆమెను ప్రోత్సహించాడు. మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, సిద్ధబీజాలు ఎలా మొలకెత్తుతాయో స్వయంగా పరిశీలించి ఆమె ఒక వ్యాసం రాసింది.

1897 ఏప్రిల్ 1న ఆ వ్యాసాన్ని లండన్‌లోని లినేయన్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం ముందుంచారు. అయితే ఆ సభలో రాసిన మనిషి లేదు. ఆడవాళ్ళకు అక్కడ ప్రవేశం లేదు కాబట్టి, ఆమె తరఫున క్యూ తోటలో పనిచేసే జార్జ్ మాసీ అనే శాస్త్రవేత్త దాన్ని సమర్పించాడు. వ్యాసం అచ్చు కాలేదు. దాని ప్రతి కూడా ఇప్పుడు దొరకడం లేదు. ఆ సంఘం ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకున్నది 1905లో. ఆమె పట్ల తాము సరిగ్గా నడుచుకోలేదని ఒప్పుకున్నది 1997లో... అంటే సరిగ్గా నూరేళ్ళకి!

కానీ ఆమె వేసిన బొమ్మలు నిలిచాయి. 1967లో పుట్టగొడుగుల మీద వచ్చిన ఒక శాస్త్ర గ్రంథంలో అవే వాడుకున్నారు. అంత కచ్చితంగా ఉన్నాయన్నమాట.

జబ్బుపడ్డ పిల్లాడికో ఉత్తరం

ఇక కుందేలు సంగతికి వద్దాం. తనకు చివర్లో చదువు చెప్పిన పంతులమ్మ ఆనీతో బీట్రిక్స్‌కి మంచి స్నేహం. పెళ్ళయి వెళ్ళిపోయిన ఆనీకి నోయెల్ అని ఐదేళ్ళ కొడుకు. వాడికి ఒంట్లో బాగాలేదని తెలిసింది. 1893 సెప్టెంబరు 4న స్కాట్లాండ్ నుంచి వాడికి ఉత్తరం రాయబోతే, ఏం రాయాలో తోచక ఓ కథ మొదలుపెట్టింది. నాలుగు కుందేలుపిల్లలు, అందులో చెప్పిన మాట వినని పీటర్, కూరగాయల తోట, తరుముకొచ్చే తోటమాలి. మధ్యమధ్యలో పెన్నుతో గీసిన బుల్లి బొమ్మలు.

వాడు ఆ ఉత్తరాన్ని భద్రంగా దాచుకున్నాడు. ఏడేళ్ళ తర్వాత దీన్నే పుస్తకం చేస్తే ఎలా ఉంటుందనిపించి, బీట్రిక్స్ వాడి దగ్గరే అరువు తెచ్చుకుని కథ పెంచింది. ఆరుగురు ప్రచురణకర్తల దగ్గరకు పంపితే ఆరుగురూ వద్దన్నారు. పెద్ద పుస్తకమైతే చూస్తామన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పుస్తకం చిన్నపిల్లల చేతిలో ఇమడాలి, ధర తక్కువగా ఉండాలి, పేజీ తిప్పినప్పుడల్లా ఓ బొమ్మ ఎదురవ్వాలి. ఇదీ ఆమె పట్టుదల.

ఎవరూ వెయ్యకపోతే నేనే వేస్తానని 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చు వేయించింది. తెలిసినవాళ్ళలోనే చెల్లిపోయాయి. రెండు నెలలకి మరో 200 వేయించాల్సి వచ్చింది. అంతకుముందు కాదన్న ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ, రంగుల్లో బొమ్మలు వేసిస్తే తామే ప్రచురిస్తామంది. 1902 అక్టోబరులో పుస్తకం వచ్చింది. ఏడాది తిరిగేలోపు 28 వేల కాపీలు అచ్చయ్యాయి. ఈనాటిదాకా 4 కోట్లకు పైనే అమ్ముడుపోయాయంటారు.

ఆ పుస్తకంలో నేను మళ్ళీ మళ్ళీ చూసే సంగతొకటి చెప్తాను. బూట్లు తొడుక్కున్నప్పుడు పీటర్ మనలా రెండుకాళ్ళ మీద నడుస్తాడు. తోటమాలి తరుముతుంటే ఆ బూట్లు పోగొట్టుకుంటాడు చూడండి, అప్పుడు వాడు అచ్చమైన అడవి కుందేలు. నాలుగుకాళ్ళ మీద పరిగెడతాడు, చెవులు వెనక్కి వాలుస్తాడు. బట్టలు తొడిగినా ఎముకల అమరిక మాత్రం నిజమైన కుందేలుదే. శాస్త్రవేత్తల ముందు పెట్టే బొమ్మకు ఎంత జాగ్రత్త పడిందో, ఐదేళ్ళ పిల్లాడి కోసం వేసే బొమ్మకూ అంతే జాగ్రత్త. పిల్లల బొమ్మలే కదా, ఎలా వేస్తేనేం అనుకోలేదామె. గ్లౌస్టర్ దర్జీ కథకోసం పాతకాలపు కోట్ల మీది కుట్టుపని చూడటానికి మ్యూజియంకి వెళ్ళి కూర్చుని గీసుకుంది. ఎంబ్రాయిడరీ తెలిసినవాళ్ళు ఆ బొమ్మలు చూస్తే ముచ్చటపడిపోతారు!

వ్యాపారంలోనూ ఆమె చురుకే. 1903లో పీటర్ బొమ్మను గుడ్డతో తనే కుట్టి, దాని మీద హక్కు నమోదు చేయించుకుంది. కథలోని పాత్రను ఆటబొమ్మగా మార్చి అలా హక్కు కాపాడుకున్న తొలివాళ్ళలో ఆమె ఒకరు. పుస్తకానికి మాత్రం అమెరికాలో కాపీరైటు నమోదు చెయ్యకపోవడంతో అక్కడ దొంగ ముద్రణలు వచ్చేశాయి. ఆ పాఠం ఆమె మర్చిపోలేదు.

నెలరోజుల ఉంగరం

వార్న్ కంపెనీ అన్నదమ్ముల్లో చిన్నవాడు నార్మన్. ఆమె పుస్తకాల పని చూసేవాడు. రెండు అల్లరి ఎలుకల కథకి ఓ బొమ్మరిల్లు కావాల్సి వచ్చింది. నార్మన్ తన అన్నగారి కూతురికి చేసిచ్చిన బొమ్మరిల్లు చూడటానికి రమ్మంటే, ఆమె తల్లి వెళ్ళనివ్వలేదు. అప్పటికి బీట్రిక్స్ వయసెంతో తెలుసా? 37 ఏళ్ళు! పేరున్న రచయిత్రి కూడాను. చివరికి నార్మన్ ఫొటోలు తీసి పంపిస్తే వాటిని చూసి బొమ్మలు వేసింది.

1905 జులై 25న పెళ్ళి చేసుకుందామని నార్మన్ ఉత్తరం రాశాడు. ఆమె సరేనంది. తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. పుస్తకాల వ్యాపారం చేసుకునేవాళ్ళతో మనకు వియ్యమా అని వాళ్ళ అభ్యంతరం. తమ ఆస్తి ఏ వ్యాపారంలోంచి వచ్చిందో మర్చిపోయారు కాబోలు! అయినా ఆమె ఉంగరం తొడుక్కుంది. ఇంట్లోవాళ్ళ పట్టు వల్ల విషయం బయటికి చెప్పలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆగస్టు 25న, నార్మన్ రక్తానికి సంబంధించిన జబ్బుతో చనిపోయాడు. అతనికి 37 ఏళ్ళు, ఆమెకు 39. లోకానికి తెలియని పెళ్ళికూతురు లోకానికి తెలిసేలా ఏడవడానికి కూడా లేకపోయింది.

ఆ ఏడాదే పుస్తకాల మీద వచ్చిన రాయల్టీ, బంధువు ఒకావిడ వదిలివెళ్ళిన కొంత సొమ్ము కలిపి, లేక్ డిస్ట్రిక్ట్‌లోని నియర్ సారే గ్రామంలో హిల్‌టాప్ అనే పాత ఇల్లూ పొలమూ కొనుక్కుంది. నా దృష్టిలో ఆమె జీవితం మలుపు తిరిగింది ఇక్కడే. కన్నవాళ్ళ బాధ్యత వల్ల లండన్ పూర్తిగా వదల్లేకపోయినా, వీలు చిక్కినప్పుడల్లా ఇక్కడికే వచ్చేది. ఆ ఇంటి మెట్లు, వంటింటి పొయ్యి, తోట దారి ఆ తర్వాతి పుస్తకాల్లో కనిపిస్తాయి. టామ్ అనే పిల్లికూన, జెమైమా అనే అమాయకపు బాతు పుట్టింది ఇక్కడే. కుందేలు సంపాదించిపెట్టిన ఇంట్లో బాతులూ పిల్లులూ చేరాయన్నమాట!

గొర్రెల మందల మధ్య

భూములు కొనే వ్యవహారాల్లో సాయపడిన ఊరి లాయరు విలియం హీలిస్‌తో స్నేహం కుదిరింది. ఈసారి కూడా ఇంట్లో అభ్యంతరమే. పల్లెటూరి లాయరు తమకు తగడట. 1913 అక్టోబరు 15న ఆమె అతన్ని పెళ్ళాడింది. అప్పటికామె వయసు 47. ఆ తర్వాత ఆమె బొమ్మలు తగ్గిపోయాయి. కంటిచూపు మందగించింది, పొలం పని పెరిగింది. మొత్తం 23 చిట్టి పుస్తకాలు మిగిలాయి.

ఊళ్ళోవాళ్ళకి ఆమె రచయిత్రి కాదు, మిసెస్ హీలిస్. ముతక ఉన్ని బట్టలు, కాళ్ళకి చెక్క అడుగుల బూట్లు. కొండల్లో పెరిగే హెర్డ్‌విక్ జాతి గొర్రెలు అంతరించిపోకుండా పెంచింది. మందలో మంచి గొర్రెను చూపుతోనే పట్టేసేదట. ఆ జాతి పెంపకందారుల సంఘానికి 1943లో ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. అంతవరకు ఆ పదవిలో ఆడమనిషి లేదు. ఒకప్పుడు వ్యాసం రాసినా సభలోకి రానివ్వని దేశంలో, గొర్రెల కాపరులు ఆమెను సభకే పెద్దను చేశారు. పదవి చేపట్టకుండానే 1943 డిసెంబరు 22న 77 ఏళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది.

పుస్తకాల డబ్బుతో మొదలుపెట్టి కొన్న 4 వేలకు పైగా ఎకరాలనూ, పొలాలనూ, ఇళ్ళనూ నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చేసింది. ఆ కొండల్లో హోటళ్ళు, బంగళాలు లేవకుండా, గొర్రెలూ రైతులూ ఎప్పటిలాగే ఉండాలని ఆమె కోరిక. ఆమె అస్థికలు ఎక్కడ చల్లాలో నమ్మకమైన కాపరి ఒక్కడికే చెప్పింది. ఆయన ఆ చోటు రహస్యంగానే ఉంచాడు.

హిల్‌టాప్ ఇల్లు ఇప్పుడు చూడటానికి తెరిచి ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తుంటారు. పుస్తకంలో చూసిన మెట్లు నిజంగానే ఉన్నాయని తెలిసినప్పుడు వాళ్ళ మొహాలు ఎలా వెలుగుతాయో నేను ఊహించుకోగలను.

ఈసారి మీ పాప బొమ్మల పుస్తకం తెచ్చినప్పుడు అట్ట మీదో లోపలి పేజీలోనో బొమ్మలు వేసినవారి పేరు వెతకండి. పాపకి ఆ పేరు చదివి వినిపించండి. అలాగే మీ ఇంట్లో ఓ పిల్ల గంటల తరబడి చీమల బారునో, పిల్లికూననో చూస్తూ కూర్చుని గీతలు గీస్తుంటే, చదువు మానేసి ఇదేం పని అని వెంటనే కేకలెయ్యకండి. కాస్త పక్కన కూర్చుని, అది ఏం చూసిందో అడగండి.