ఆల్ఫ్రెడ్ బ్యూకి

ఆల్ఫ్రెడ్ బ్యూకి (జూలై 11, 1879 - అక్టోబరు 27, 1959) స్విట్జర్లాండు దేశానికి చెందిన ఇంజనీరు, టర్బోచార్జరు ఆవిష్కర్త. ఇంజను బయటికి వదిలే వేడి వాయువుల బలంతోనే ఆ ఇంజనులోకి మరింత గాలిని నెట్టవచ్చునన్న ఊహ ఇతనిది. ఆ ఊహకు పేటెంటు దొరికినంత సులభంగా దానికి ఫలితం దొరకలేదు. మెకానిక్కులు నేడు బూస్టు అని పిలిచే ఆ అదనపు గాలి ఒత్తిడి చాలినంతగా ఎందుకు రావడం లేదో తెలుసుకొని సరిచేయడానికి ఇతనికి ఇరవై ఏండ్లు పట్టింది.

జననము, విద్య

బ్యూకి వింటర్‌థూర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఆ ఊరిలోని ప్రసిద్ధ యంత్ర నిర్మాణ సంస్థ సుల్జర్‌లో ఉన్నతోద్యోగి. జ్యూరిచ్‌లోని సాంకేతిక విద్యాలయంలో చదివి 1903లో పట్టభద్రుడైన బ్యూకి, కొంతకాలం బెల్జియం, ఇంగ్లండులలో పనిచేశాడు.

పేటెంటు

ఇంధనం మండగా పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవ వంతు పొగగొట్టం ద్వారా వృథాగా పోతుంది. ఈ నష్టమే బ్యూకిని ఆలోచింపజేసింది. 1905 నవంబరు 16న ఇతడు జర్మనీలో పొందిన పేటెంటు (సంఖ్య 204630) ప్రకారం గాలిని అదిమే కంప్రెసరు, పిస్టన్ ఇంజను, టర్బైను ఈ మూడూ కలిసి ఒకే యంత్రం. ఇంజనులోకి ఎక్కువ గాలి వెళితే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. ఇంజను పరిమాణం పెంచకుండానే శక్తిని పెంచవచ్చు.

లోపము, నివారణ

1909లో సుల్జర్ సంస్థలో చేరి డీజిల్ ఇంజన్ల పరిశోధనకు నాయకత్వం వహించిన బ్యూకి, 1911 నుండి ప్రయోగాలు ఆరంభించాడు. 1915లో సిద్ధమైన నమూనాకు ఆదరణ లభించలేదు. ఇందుకు పరిశ్రమల వారిని మాత్రమే తప్పుపట్టలేము, నమూనాలో నిజంగానే లోపమున్నది. అన్ని సిలిండర్ల వాయువులూ ఒకే పెద్ద గొట్టంలో కలిసేవి. సిలిండరు వాల్వు తెరుచుకున్నప్పుడు తోసుకువచ్చే వాయువుల తాకిడి ఆ గొట్టంలో చప్పబడిపోయేది. ఇంజనుపై భారం తక్కువగా ఉన్నప్పుడు టర్బైనుకు చాలినంత బలం అందేది కాదు. బయటి గొట్టంలో ఒత్తిడి లోపలికి వచ్చే గాలి ఒత్తిడిని మించితే, కాలిన వాయువు సిలిండరులోనే మిగిలిపోయేది.

1925లో బ్యూకి దీనికి రెండు మార్పులు ప్రతిపాదించాడు. మొదటిది, ఒకదాని తాకిడి మరొకదానికి అడ్డురాని సిలిండర్లను జతపరచి, ఒక్కొక్క జట్టుకు వేరే సన్నని గొట్టం అమర్చడం. రెండవది, లోపలి వాల్వు, బయటి వాల్వు కొద్దిసేపు కలిసి తెరచి ఉండేటట్లు చేసి, కొత్త గాలితో పాత పొగను ఊడ్చివేయడం. టర్బైనును పెద్దది చేయడం ఎవరికైనా తోచే ఉపాయమే. రోగం టర్బైనులో లేదని, గొట్టాలలోనూ వాల్వులు తెరుచుకునే సమయంలోనూ ఉన్నదని గుర్తించడమే బ్యూకి చేసిన అసలు పని అని చెప్పవచ్చు.

1923లో జర్మనీ ప్రభుత్వం ఆర్డరు ఇచ్చిన ప్రాయిసన్, హాన్సెస్టాట్ డాన్‌జిగ్ అనే ప్రయాణికుల ఓడల ఇంజన్లకు టర్బోచార్జర్లు అమర్చగా వాటి శక్తి 1,750 నుండి 2,500 అశ్వశక్తికి పెరిగింది. 1926లో బ్రౌన్ బోవరీ సంస్థతోను, స్విస్ రైలింజన్ల కర్మాగారంతోను కలిసి బ్యూకి ఒక కూటమిని ఏర్పరచాడు. ఓడలు, రైళ్ళ తరువాత లారీల వంతు వచ్చింది. 1938లో స్విస్ సంస్థ సారర్ టర్బో డీజిల్ లారీ ఇంజనును తయారు చేసింది. బ్యూకి 1959లో తన 80వ ఏట మరణించాడు.

మన దేశంలో

భారతీయ రైల్వేలకు 1962 నుండి వచ్చిన డబ్ల్యుడిఎం-2 రైలింజను టర్బోచార్జరు గలది. దాని శక్తి 2,600 అశ్వశక్తి. కాజీపేట డీజిల్ షెడ్డులో ఇవి చాలాకాలం ఉండేవి. బండి కదిలేటప్పుడు ఆ ఇంజను గుప్పున నల్లటి పొగ వదలడం పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. టర్బైను వేగం అందుకొని గాలిని ఇచ్చేలోపుగానే ఇంధనం ఎక్కువగా చేరడం దానికి కారణం.

కార్లలో టర్బో

బ్యూకి మరణించిన మూడేండ్లకు, 1962లో, అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు వెలువడింది. దీని ఇంజను టకటకమని కొట్టుకోకుండా నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని పోస్తూ ఉండాలి. తొట్టి ఖాళీ అయితే బూస్టు తగ్గేటట్లు అమర్చారు. చాలామంది ద్రవం పోయడం మరచి కారులో బలం లేదన్నారు. చివరకు అనేక కార్ల నుండి టర్బోను ఊడదీయవలసి వచ్చింది.

నేటి కార్లలోనూ బలం తగ్గగానే టర్బోనే అనుమానిస్తారు. బూస్టు గాలి వెళ్ళే రబ్బరు గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా ఇదే లక్షణం. వేగం పెంచినప్పుడు బుస్సుమనే శబ్దం వస్తుంది. టర్బోను అదుపు చేసే సన్నని వాక్యూం గొట్టం పగిలినా ఇంతే. హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీ ఆలం వంటి రద్దీ వీధులలో ఎప్పుడూ నెమ్మదిగా నడిచే డీజిల్ కారులోనైతే, టర్బైను చుట్టూ కదిలే రేకులకు మసి పట్టి బిగుసుకుపోవచ్చు. నిమిషానికి లక్షకు పైగా తిరిగే ఇరుసుకు ఆయిల్ అందకపోతే బేరింగులు అరుగుతాయి, నీలి పొగ వస్తుంది. ఆయిల్ గొట్టం మూసుకుపోయినదేమో చూడకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ త్వరలోనే పాడవుతుంది. అందుచేత ముందు గొట్టాలు, పిదప ఆయిల్, చివరకు టర్బో పరీక్షించడం సరియైన క్రమం.