అల్లాడి కృష్ణస్వామి అయ్యర్

అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ (మే 14, 1883 - అక్టోబర్ 3, 1953) సుప్రసిద్ధ న్యాయవాది, భారత రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడు. 1929 నుండి 1944 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి అడ్వకేట్ జనరల్‌గా పనిచేశాడు. క్రింది న్యాయస్థానం క్రిమినల్ కేసులో ఇచ్చిన తీర్పును పై న్యాయస్థానం ఎంతవరకు పునఃపరిశీలించవచ్చును అనే ప్రశ్న అటు ఆయన పదవితోను, ఇటు రాజ్యాంగ రచనతోను ముడిపడి ఉన్నది.

బాల్యము, విద్య

కృష్ణస్వామి తూర్పు తీరాన ఉన్న నెల్లూరు జిల్లాలోని పుదూరు గ్రామంలో జన్మించాడు. తండ్రి ఏకామ్రశాస్త్రి పురోహితుడు. 1899లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చరిత్ర చదివాడు. తరువాత న్యాయశాస్త్ర పట్టా పొంది, 1907లో న్యాయవాదిగా చేరాడు. 1932లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

అడ్వకేట్ జనరల్

ఆనాడు నెల్లూరు వంటి జిల్లాలలో సెషన్స్ కోర్టు శిక్ష విధిస్తే హైకోర్టుకు అప్పీలు చేసుకొనే హక్కు ఉండేది. మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించిన తరువాతనే అమలు చేయవలెను. మద్రాసు నగరంలోని తీవ్రమైన నేరాలను మాత్రం హైకోర్టే నేరుగా విచారించేది. ఆ శిక్షలపై అప్పీలు లేదు. న్యాయమూర్తి తానుగా ఏదైనా న్యాయాంశాన్ని పై పరిశీలనకు ఉంచాలి, లేదా ఆయన నిర్ణయంలో న్యాయపరమైన పొరపాటు ఉన్నదని అడ్వకేట్ జనరల్ ధ్రువపత్రం ఇవ్వాలి. అప్పుడే హైకోర్టు ఆ కేసును పునఃపరిశీలించేది. హైకోర్టు లెటర్స్ పేటెంట్‌లోని 26వ క్లాజు ఇచ్చిన ఈ అధికారం పదిహేనేళ్ళు కృష్ణస్వామి నిర్వహించిన పదవికి చెందినది. ఇటువంటి కేసులలో అప్పీలుకు 1943లో చట్టం ద్వారా అవకాశం కలిగింది.

హైకోర్టుకు పైన లండనులోని ప్రీవీ కౌన్సిల్ ఉండేది. అది క్రిమినల్ అప్పీళ్ళను సాధారణంగా స్వీకరించేది కాదు. సహజ న్యాయసూత్రాలకు భంగం కలిగి ఘోరమైన అన్యాయం జరిగినప్పుడు మాత్రమే ప్రత్యేక అనుమతి ఇచ్చేది.

రాజ్యాంగ రచన

సుప్రీంకోర్టు స్వరూపాన్ని పరిశీలించి 1947 మే నెలలో నివేదిక ఇచ్చిన తాత్కాలిక సంఘంలో కృష్ణస్వామి సభ్యుడు. అదే సంవత్సరం ఆగస్టు 29న ఏర్పడిన ముసాయిదా సంఘంలో కూడా ఆయనకు స్థానం లభించింది. తనకంటే సమర్థులు ఆ సంఘంలో ఉన్నారని చెబుతూ అంబేద్కర్ ఆయన పేరును ప్రస్తావించాడు.

క్రిమినల్ అప్పీళ్ళ విషయం 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో చర్చకు వచ్చింది. చివరకు 134వ అధికరణంలో పరిమితమైన హక్కు మాత్రమే ఏర్పడినది. క్రింది కోర్టు నిర్దోషిగా విడిచిన వ్యక్తికి హైకోర్టు అప్పీలులో మరణశిక్ష విధించినప్పుడు, క్రింది కోర్టు నుండి కేసును తెప్పించుకొని తానే విచారించి మరణశిక్ష విధించినప్పుడు, లేదా కేసు అప్పీలుకు తగినదని హైకోర్టు ధ్రువపత్రం ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్ళవచ్చును. మిగిలిన కేసులకు 136వ అధికరణం క్రింద ప్రత్యేక అనుమతి కోరవచ్చును. ఈ అధికారం చాలా విస్తృతమైనదని, న్యాయస్థానం దాని వినియోగానికి తన పద్ధతులను తానే రూపొందించుకోగలదని కృష్ణస్వామి అభిప్రాయపడ్డాడు. అయితే ఇది కోర్టు విచక్షణకు సంబంధించినదే గాని నిందితుని హక్కు కాదు. 1950లో ప్రీతంసింగ్ కేసులో, క్రిమినల్ విషయాలలో దీనిని అరుదుగా వాడాలని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

విమర్శ

21వ అధికరణంలో అమెరికా రాజ్యాంగపు పదజాలానికి బదులు చట్టం నిర్దేశించిన పద్ధతి అనే మాటలు చేర్చడాన్ని కృష్ణస్వామి సమర్థించాడు. అమెరికాలో కోర్టులు సంఘసంస్కరణ చట్టాలను కొట్టివేసిన అనుభవం దీనికి కారణం. దీనివలన వ్యక్తిస్వేచ్ఛకు న్యాయస్థానాల రక్షణ తగ్గినదని విమర్శ ఉన్నది. 1950లో ఎ.కె.గోపాలన్ నిర్బంధం కేసులో సుప్రీంకోర్టు ఆ మాటలకు సంకుచితమైన అర్థమే చెప్పింది.

మరణము, తదనంతర పరిణామాలు

నెల్లూరు జిల్లాతో కూడిన ఆంధ్ర రాష్ట్రం అవతరించిన రెండు రోజులకు, 1953 అక్టోబర్ 3న కృష్ణస్వామి మరణించాడు. భౌతిక శాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్ ఆయన కుమారుడు.

134వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన వెసులుబాటుతో 1970లో అప్పీలు హక్కు విస్తరించింది. క్రింది కోర్టు విడిచిపెట్టిన వ్యక్తికి హైకోర్టు యావజ్జీవ శిక్ష గాని, పదేళ్ళకు తక్కువకాని జైలుశిక్ష గాని విధిస్తే సుప్రీంకోర్టుకు వెళ్ళే హక్కు కలిగింది. 1978లో మేనకా గాంధీ కేసులో, చట్టం నిర్దేశించిన పద్ధతి న్యాయసమ్మతంగా కూడా ఉండాలని సుప్రీంకోర్టు నిర్ణయించింది.