పచ్చిక కాపరి టామ్ మారిస్

స్కాట్లండు దేశపు తూర్పుతీరమున సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట సముద్రమునకును సాగుభూములకును నడుమ ఇసుకదిబ్బలతోను పొట్టిగడ్డితోను నిండిన బీడునేల వ్యాపించియున్నది. అట్టి నేలను ఆ దేశీయులు లింక్స్ అందురు. అది నాగలికి పనికిరాదు. గోల్ఫు అను ఆట ఇట్టి నేలమీదనే పెరిగినది. చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు దూరమున నున్న గుంటలో వేయవలెను. తక్కువ దెబ్బలతో గుంటలన్నిటిని ముగించినవాడు గెలుచును. బిళ్లంగోడు ఆడిన మన బాలురకు ఇందలి ఉత్సాహమును వేరుగ వర్ణింప బనిలేదు.

ఆ పట్టణమున 1821వ సంవత్సరము జూను 16వ తేదీన ఒక నేతపనివాని యింట టామ్ మారిస్ జన్మించెను. యుక్తవయస్సున అలన్ రాబర్ట్‌సన్ అను ప్రసిద్ధ ఆటగానియొద్ద బంతులు చేయుపని నేర్చుకొనెను. ఆనాటి బంతి తోలుసంచిలో ఉడికించిన పక్షియీకలు కూరి కుట్టినది. నేర్పరియైనను దినమునకు మూడు నాలుగింటికి మించి చేయజాలడు. కావున వెల హెచ్చు. 1848 ప్రాంతమున మలయా అడవుల చెట్టుపాలనుండి లభించు గట్టాపర్చాతో బంతులు చేయ నారంభించిరి. దానిని వేడినీటిలో మెత్తపఱచి ఉండ చేసిన చాలును. తన వృత్తికి చేటు వచ్చెనని రాబర్ట్‌సన్ దానిని ద్వేషించెను. టామ్ ఆ క్రొత్త బంతితో ఆడెనని తెలియగా వారిరువురకు కలహము కలిగి, టామ్ కొలువు విడిచెను. దోష మెవరిదో మేము తీర్పు చెప్పము. చేతిపని నశించువాని దుఃఖము నేతగాండ్రున్న మన గ్రామములకు తెలియనిది కాదుగదా!

1851లో టామ్ పడమటితీరపు ప్రెస్ట్విక్ పట్టణమునకు పోయి, అచ్చట 12 గుంటల మైదానము నేర్పఱచి, దానికి కాపరియయ్యెను. 1860లో మొదటి ఓపెన్ పోటీ అచ్చటనే జరిగెను. ఆడినవా రెనమండుగురే. అందు టామ్ రెండు దెబ్బల తేడాతో ఓడెను. తరువాత 1861, 1862, 1864, 1867 సంవత్సరములలో గెలిచెను. కడపటి గెలుపునాటికి ఆయన వయస్సు 46. అంత వయస్సున ఆ పోటీ గెలిచినవాడు నేటికిని వేఱొకడు లేడు.

మఱుసటి యేడు, 1868లో, ఆయనను ఓడించినవాడు ఆయన కుమారుడే. చిన్న టామ్ అప్పటికి 17 ఏండ్లవాడు. కుమారుడు మొదటివాడుగను తండ్రి రెండవవాడుగను నిలిచిరి. ఏ తండ్రి యిట్టి యోటమికి చింతించును? కాని ఆ సంతోషము నిలువలేదు. 1875 సెప్టెంబరులో తండ్రికొడుకులు నార్త్ బెరిక్‌లో ఆడుచుండగా, చిన్న టామ్ భార్య ప్రసవవేదనలో నున్నదని తంతి వచ్చెను. పడవమీద అఖాతము దాటి యిల్లు చేరునప్పటికి తల్లియు బిడ్డయు గతించియుండిరి. ఆ క్రిస్మసు దినముననే చిన్న టామ్ తన 24వ యేట మరణించెను. వృద్ధుడు భార్యను, తక్కిన బిడ్డలనుగూడ తన జీవితకాలముననే పోగొట్టుకొనెను.

అయినను ఆయన పని మానలేదు. 1864లోనే స్వగ్రామమువారు పిలువగా తిరిగివచ్చి, 1903వఱకు అచ్చటి పచ్చికను కాచెను. గుంటలచుట్టునుండు గడ్డిమీద ఇసుక చల్లి దానిని బాగుచేసెను. చలికాలమునగూడ సముద్రస్నానము మానలేదు. ఆదివారము ఆట సాగనీయలేదు. మనుష్యులకు విశ్రాంతి అక్కఱలేకున్నను నేలకు కావలెనని ఆయన భావము. నేటికిని ఆ పాత మైదానమున ఆదివారము సాధారణముగ ఆట లేదు. జనులు దానిమీద వ్యాహ్యాళికి పోవుదురు.

ఇతర గ్రామములవారును మైదానములు ఏర్పఱచుటకు ఆయనను పిలిచిరి. ఉత్తరమున డోర్నక్, హెబ్రిడీస్ దీవులలో ఆస్కర్నిష్, ఐర్లండున మోర్న్ కొండలక్రింది న్యూకాసిల్, పడమటి సముద్రపుటొడ్డున లాహించ్: ఇవన్నియు ఆయన అడుగుపెట్టిన చోటులు. న్యూకాసిల్‌వారు 1889లో ఆ పనికై నాలుగు గినీలకు మించి వ్యయము చేయరాదని నిర్ణయించిరి! నేడు అచ్చట ఆడుటకు దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు. ఆయన దిబ్బలను త్రవ్వింపలేదు, పల్లములను పూడ్పింపలేదు. నేల యెట్లున్న నట్లే దానిమీద నడచి, గుంటలకు తగిన తావులను గుర్తించెడివాడు. గాలియు వానయు చేసిన మిట్టపల్లములను మార్చకుండుటయే ఆయన నేర్పని మాకు తోచుచున్నది. ఆస్కర్నిష్ మైదానము మఱుగునపడి, 2008లో మరల తెఱవబడినది.

1908 మే 24వ తేదీన, 86 ఏండ్ల ప్రాయమున, ఒక గోల్ఫు సంఘభవనపు మెట్లమీదనుండి పడి ఆయన మరణించెను. పాడుపడిన ప్రధాన దేవాలయపు ఆవరణలో కుమారుని సమాధిచెంతనే ఆయనను పాతిపెట్టిరి. పాత మైదానపు పదునెనిమిదవ గుంటకు ఆయన పేరే పెట్టియున్నారు. దాని కెదురుగా ఆయన కఱ్ఱలు, బంతులు అమ్మిన అంగడి యిప్పటికిని నిలిచియున్నది.