బట్టల వ్యాపారి ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై)

మన ప్రాంతపు ముస్లిములలో అత్యధికులు నమాజు, రోజా, జకాత్, క్రయవిక్రయాల విషయాలలో హనఫీ ఫిఖ్‌హ్‌ను అనుసరిస్తారు. దానికి మూలపురుషులైన హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) గొప్ప ధర్మవేత్త అన్న సంగతి పిల్లలకు కూడా తెలుసు. కాని వారు బట్టల దుకాణం నడిపి, ఆ సంపాదనతోనే తామూ బ్రతికి, ఎందరో విద్వాంసులను, విద్యార్థులను పోషించారన్న సంగతి చాలామందికి తెలియదు. వారి జీవితంలోని ఈ పార్శ్వాన్నే ఇక్కడ పాఠకుల ముందు ఉంచదలచాము.

వారి అసలు పేరు నోమాన్, తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. ఖజ్జ్ అనే విలువైన వస్త్రం వారి వ్యాపార సరుకు. పట్టు, ఉన్ని కలిపి నేసే బట్ట అది. యౌవనంలో వారి ధ్యాసంతా బజారు మీదనే ఉండేది. ఒకనాడు ప్రముఖ విద్వాంసులు ఇమామ్ షాబీ (రహ్మలై) వారిని చూసి, ఎవరి దగ్గరకు వెళుతున్నావని అడిగారు. బజారుకు అని జవాబు చెప్పారు. ఆ యువకునిలోని తెలివితేటలను గుర్తించిన షాబీ, విద్వాంసుల సాంగత్యంలో కూర్చోమని హితవు పలికారు. ఆ మాట వారి మనసులో నాటుకుంది. తరువాత వారు హజ్రత్ హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) శిష్యులై, హిజ్రీ 120లో గురువు మరణించే వరకు సుమారు 18 సంవత్సరాలు ఆయన దగ్గరే ఉన్నారు. అటుపిమ్మట గురుపీఠం వారికే దక్కింది. అయినా దుకాణం మూతపడలేదు. భాగస్వాములు వ్యాపారం చూసుకుంటుంటే, ఇమామ్ గారు లెక్కలను, అంతకు మించి నిజాయితీని కనిపెట్టి ఉండేవారు.

ఒక స్త్రీ పట్టు వస్త్రం అమ్ముకోవడానికి వచ్చి నూరు దిర్హములు అడిగింది. ఇది అంతకంటే ఎక్కువ విలువ చేస్తుందని ఇమామ్ గారు చెప్పారు. ఆమె నూరేసి చొప్పున పెంచుతూ నాలుగు వందల దాకా వచ్చింది. అప్పటికీ ఇంకా ఎక్కువే చేస్తుందనడంతో, తనను ఎగతాళి చేస్తున్నారేమో అనుకుంది. వారు వేరొకరిని పిలిపించి ధర కట్టించి, ఐదు వందల దిర్హములకు కొన్నారు. అమ్మేవారి అమాయకత్వం వారి దృష్టిలో లాభం కాదు.

మరో సంఘటన ఇంకా ఆలోచింపజేస్తుంది. తమ భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్‌కు సరుకు పంపుతూ, అందులో ఒక బట్టలో లోపముందనీ, కొనేవారికి దాన్ని చూపించి మరీ అమ్మమనీ చెప్పారు. హఫ్స్ ఆ మాట మరచి అమ్మేశారు. కొన్నదెవరో కూడా తెలియలేదు. సంగతి తెలిసిన ఇమామ్ గారు, ఆ సరుకు మీద వచ్చిన మొత్తం సొమ్మును సదఖా చేసేశారు.

ఇక వారి దాతృత్వం. సంవత్సరమంతా కూడిన లాభంతో ధర్మవేత్తలకు, హదీసువేత్తలకు ఆహారం, బట్టలు, ఇతర అవసరాలు కొనిపెట్టి, మిగిలిన నగదును కూడా వారికే ఇచ్చేవారని చరిత్రకారులు రాశారు. ఇస్తూ, ఇది నా సొమ్ము కాదు, మీ కోసం అల్లాహ్ నా చేత ఇప్పిస్తున్నది, కనుక ఆయనకే కృతజ్ఞత చెప్పుకోండి అనేవారట. ఇంటివారి కోసం ఎంత ఖర్చు పెడితే అంత దానం చేసేవారు. తాము కొత్త బట్టలు కట్టుకుంటే అంతే విలువైన బట్టలు విద్వాంసులకు ఇచ్చేవారు. పేదరికం వల్ల చదువు మానేయబోయిన ఒక శిష్యుణ్ణి, అతను నోరు తెరచి అడగకుండానే ఆదుకున్నారు. ఆ శిష్యుడే తరువాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయిన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై).

ఒకసారి దారిలో ఒక వ్యక్తి వారిని చూసి పక్క సందులోకి తప్పుకున్నాడు. పిలిచి కారణం అడిగితే, పదివేల దిర్హములు బాకీ ఉన్నాననీ, తీర్చలేక సిగ్గుపడుతున్నాననీ చెప్పాడు. ఇమామ్ గారు బాకీ అంతా మాఫీ చేశారు. అంతటితో ఆగక, నా వల్ల నీ మనసుకు కలిగిన కష్టాన్ని క్షమించమని అతణ్ణే కోరారు.

ఈ హలాల్ సంపాదనే వారికి పాలకుల ముందు తలవంచని ధైర్యాన్నిచ్చిందని మేము భావిస్తున్నాము. ఉమవీ గవర్నర్ ఇబ్నె హుబైరా పదవి ఇవ్వజూపితే నిరాకరించి కొరడా దెబ్బలు తిన్నారు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ న్యాయమూర్తి పదవి స్వీకరించమంటే ఒప్పుకోక ఖైదు పాలయ్యారు. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బగ్దాదులో పరమపదించారు. వారి సమాధి ఉన్న ప్రాంతం నేటికీ వారి బిరుదు మీదుగా ఆజమియా అనే పిలువబడుతోంది.

సోదరులారా! రమజాన్ వచ్చిందంటే పత్తర్‌గట్టీ మొదలు మన ఊళ్ల బజార్ల వరకు బట్టల దుకాణాలు కిటకిటలాడతాయి. చిన్న చిరుగును మడతలో దాచి అమ్మే వేళ మనకు కూఫా దుకాణం గుర్తుకు రావాలి. వాడి పారేయదగ్గ బట్టలను మద్రసా విద్యార్థికి ఇచ్చి పుణ్యం ఆశించే వేళ, తాము తొడిగిన దానితో సమానమైనది ఇచ్చిన ఆ చేయి గుర్తుకు రావాలి. నమాజులో వారి ఫిఖ్‌హ్‌ను పాటిస్తూ, దుకాణంలో వారి బాటను విడిచిపెడితే మన అనుసరణ సగమే అవుతుంది.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేసి, అందులో ఇతరుల హక్కును గుర్తించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.