దోమ గుట్టు తేల్చింది సికింద్రాబాద్‌లో.. అసలు పోరాటం ఆ తర్వాతే! రొనాల్డ్ రాస్ కథ ఇదీ

భవానీపురం (విజయవాడ): వాన వెలిసిన నాలుగు రోజులకే దోమలు మొదలవుతాయి. ఒకవైపు కృష్ణా నది, ఊరంతా కాలువలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత నిల్వ నీళ్లతో బెజవాడ జనం ఎంత భయపడ్డారో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. దోమ కుడితే మలేరియా వస్తుందని ఇప్పుడు స్కూలు పిల్లాడు కూడా చెప్తాడు. కానీ 130 ఏళ్ల కిందట ఈ ముక్క డాక్టర్లకే తెలీదు. అది తేలిన చోటు మనకు దూరమేమీ కాదు. భవానీపురం మీదుగా పోయే హైవే పట్టుకుని హైదరాబాద్ వెళ్తే, పాత బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది. అక్కడ పనిచేసిన డాక్టరే రొనాల్డ్ రాస్.

1857 మే 13న అల్మోరాలో పుట్టాడు రాస్. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కి ఇష్టమైనవి కవిత్వం, సంగీతం, లెక్కలు. తండ్రి మాట కాదనలేక లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాడు. కొన్నాళ్లకు బెంగళూరులో ఉన్నప్పుడు బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉండేవి. కిటికీ పక్కన ఉన్న నీళ్ల తొట్టిలో పురుగులు కనిపిస్తే దాన్ని బోర్లించాడు. దోమలు తగ్గిపోయాయి! ఆయన జీవితమంతా చెప్పింది చివరికి ఈ తొట్టి సంగతే.

అప్పట్లో చిత్తడి నేలల చెడు గాలి వల్లే చలిజ్వరం వస్తుందని నమ్మేవాళ్లు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. మరి అది ఒంట్లోకి ఎలా వస్తోంది? దోమల మీద అనుమానం ఉందని 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ చెప్పిన మాట రాస్‌కు పట్టుకుంది. మర్నాటి ఏడాది సికింద్రాబాద్ వచ్చి దోమల్ని కోయడం మొదలుపెట్టాడు.

రెండేళ్లు వృథా. కారణం చిన్నదే.. ఆయన కోస్తున్నవి మలేరియా మోసే జాతి దోమలే కావు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, ఒక్కో కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించాడు. గది ఉడికిపోతోంది. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని వేయనివ్వలేదు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న, దాదాపు చివరికి మిగిలిన దోమల్లో ఒకదాని పొట్టగోడ మీద మలేరియా క్రిమి కనిపించింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకునేది ఇందుకే.

నెల తిరక్కుండా ఆయన్ను బదిలీ చేశారు, అదీ మలేరియా పెద్దగా లేని రాజపుతానాకు! 1898లో కలకత్తా చేరాక పక్షుల మీద పరీక్షలు చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో బయటికొస్తుందని తేల్చాడు. అక్కడ మహమ్మద్ బక్ష్, కిశోరీ మోహన్ బందోపాధ్యాయ లాంటి సహాయకులు ఆయన వెంట ఉన్నారు. 1902లో నోబెల్ మాత్రం రాస్ ఒక్కడికే దక్కింది. మనుషుల్లో మలేరియా వ్యాప్తి చేసేది అనాఫిలిస్ దోమేనని నిరూపించిన ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో గొడవ జీవితాంతం సాగింది. నిజం చెప్పాలంటే రాస్ ఎవరితోనైనా తేలిగ్గా తగువు పెట్టుకునే మనిషి.

గుట్టు తెలిసింది కదా, ఇక జ్వరం పోతుందనుకున్నాడు. పోలేదు. 1899లో ఇండియా వదిలి లివర్‌పూల్ చేరి, అక్కడి నుంచి సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ వెళ్లాడు. కూలీలతో దళాలు కట్టి, ఇంటింటికీ తిరిగి పాత డబ్బాలు ఏరించి, గుంటలు పూడ్పించి, నిల్వ నీళ్ల మీద నూనె చల్లించాడు. సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియాలో ఇదే పద్ధతి పెడితే కొన్నేళ్లకే జ్వరాలు దాదాపు పోయాయి. కానీ లాహోర్ దగ్గర మియాన్ మీర్‌లో చేసిన ప్రయోగం ఫలించలేదు. దోమల్ని తుడిచిపెట్టడం జరిగే పని కాదని చాలామంది అధికారులు చేతులెత్తేశారు. చేసిన పనీ, పెట్టిన ఖర్చూ చాలలేదని రాస్ వాదన.

ఇక్కడే ఆయనకు లెక్కల పిచ్చి పనికొచ్చింది. క్రిమి దోమలో ముదరడానికి పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ముందు ఆ దోమ రోగిని కుట్టాలి, అన్ని రోజులు బతకాలి, మళ్లీ ఇంకో మనిషిని కుట్టాలి. చాలా దోమలు మధ్యలోనే చస్తాయి. కాబట్టి ప్రతి దోమనూ చంపక్కర్లేదు.. సంఖ్య ఒక హద్దు కన్నా తగ్గితే చాలు, జబ్బు గొలుసు దానంతటదే తెగిపోతుందని 1910లో తన పుస్తకంలో సూత్రాలతో చూపించాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువే. నేడు అంటువ్యాధుల లెక్కలకు పునాదుల్లో అదొకటి.

మనవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటుంది. మురుగు కాలవలో పెరిగేది ఎక్కువగా బోదకాలు మోసే క్యూలెక్స్ దోమ. పట్నాల్లో మలేరియా తెచ్చే దోమకు మంచినీళ్లే కావాలి.. మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకు, వాడని తొట్టి, కూలర్. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోసే డ్రై డే వెనక ఉన్న లెక్క ఇదే.

శ్రీలంక 2016లో, చైనా 2021లో మలేరియా లేని దేశాలుగా గుర్తింపు పొందాయి. 2030 నాటికి మన దేశం నుంచి తరిమేయాలన్నది కేంద్రం లక్ష్యం. ఇప్పుడు టీకాలూ వచ్చాయి. అయినా ప్రపంచంలో ఏటా దాదాపు 6 లక్షల మంది చనిపోతున్నారు, ఎక్కువమంది ఆఫ్రికాలోని పసిపిల్లలు.

రాస్ పేరుతో 1926లో లండన్‌లో ఒక ఆసుపత్రి, పరిశోధన సంస్థ తెరిచారు. 1932 సెప్టెంబరు 16న అక్కడే కన్నుమూశాడు. బేగంపేటలోని ఆ పాత భవనం ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది.