రెవెర్డిన్ నాటిన చర్మము

చేతిపై బొల్లిమచ్చ యొకటి కనబడినంతనే పిల్లకు కుదిరిన సంబంధము తప్పిపోవుట మనలో నేటికిని చూచుచున్నాము. బొల్లి అంటువ్యాధి కాదు, ప్రాణాపాయకరము కాదు. దానికి మనవారు తగిలించిన కుష్ఠమను పేరే దానికంటె పెద్ద రోగము. మందులకును కిరణచికిత్సకును లొంగని మొండిమచ్చలకు నేడు చర్మమును అంటుగట్టు శస్త్రచికిత్స కలదు. దానికి మూలపురుషుడు జాక్ లూయీ రెవెర్డిన్. ఆయన బొల్లికై పాటుపడినవాడు కాడు. అయినను ఆయన చరిత్ర ఆ రోగులు వినదగినది.

రెవెర్డిన్ 1842లో స్విట్జర్లండున జన్మించి, పారిస్ నగరమున వైద్యము నభ్యసించెను. 1869 నవంబరున నెకర్ వైద్యశాలలో ఫెలిక్స్ గియోన్ కడ పనిచేయుచున్న ఇరువదియేడేండ్ల యువకుడు మాత్రమే. చేతి చర్మ మూడిపోయి పుండుపడిన రోగి యొకడు ఆయన పాలబడెను. పెద్దపుండు అంచులనుండి మాత్రమే మెల్లమెల్లగా మూసికొనును. కాని యొక్కొక్కప్పుడు పుండునడుమ చర్మపుచుక్క యొకటి ద్వీపమువలె నేర్పడి, దాని చుట్టును క్రొత్తచర్మము ప్రాకుట కలదు. ఆ ద్వీపమును వైద్యుడే కల్పింపరాదా యని యాయన యాలోచించెను. రోగి రెండవచేతినుండి బియ్యపుగింజకంటె చిన్నవగు పలుచని తునుకలను కత్తిమొనతో తీసి, పుండుపై నుంచి, పట్టీలతో నదిమి యుంచెను. అవి చావలేదు, అతుకుకొని చుట్టును ప్రాకెను. డిసెంబరు 8వ తేదీన శస్త్రవైద్యసంఘమునకు ఈ విషయమును నివేదించెను. మరుసటియేడే లండనులో పొలాక్ అను వైద్యుడు ఈ పద్ధతి నవలంబించెను. ఫ్రెంచివారు దీనికి చెట్ల అంటునకు వాడు పేరే పెట్టిరి. మాకు మాత్రము వరినాటు జ్ఞప్తికి వచ్చుచున్నది.

తెగినముక్కును చెక్కిలిచర్మముతో సరిచేయు విధానము సుశ్రుతసంహితలో నుండగా ఈ పరదేశీయుని పొగడ నేల యని కొందరు అడుగవచ్చును. ఆ గౌరవము మనదే, సందేహము లేదు. అయితే సుశ్రుతుని చర్మఖండము మొదలు తెగక, రక్తసంబంధమును నిలుపుకొన్నది. రెవెర్డిన్ తునుక పూర్తిగా తెగి, వేరుచోట బ్రదికినది. రెండును ఒకటే యనుట ఇరువురకును న్యాయము కాదు. సుశ్రుతుని పేరు చెప్పి గర్వించు మనము ఆయన మరియొక మాటను మరచితిమి. కిలాసమను బొల్లిని కుష్ఠవర్గమున చేర్చియు, అది చర్మమును దాటదనియు స్రవింపదనియు ఆయన స్పష్టముగా భేదము చూపెను.

రెవెర్డిన్ జెనీవాకు మరలి శస్త్రవైద్యుడుగను ఆచార్యుడుగను ప్రసిద్ధి కెక్కెను. కంఠమందలి థైరాయిడు గ్రంథిని సమూలముగా తీసివేసినచో రోగి మందబుద్ధియై శరీరము ఉబ్బిపోవునని 1882లో హెచ్చరించెను. ఆ మాట విని తన రోగులను మరల పరీక్షించిన కోకర్ పండితునకు 1909లో థైరాయిడు పరిశోధనకై నోబెల్ బహుమానము లభించెను, రెవెర్డిన్‌నకు లభింపలేదు. ముదిమిలో ఆయన సీతాకోకచిలుకల పరిశోధనలో మునిగెను. ఒక నీలిచిలుక నేటికిని ఆయన పేర పిలువబడుచున్నది. 1929లో కాలధర్మము నొందెను.

ఆయన తునుకలకు బదులు విశాలమైన పలుచని పొరలు తీయు విధానమును జర్మనీలో టీర్ష్ వృద్ధిపరచెను. అట్టి పొరలను బొల్లిమచ్చలపై ప్రయోగించి 1964లో ప్రకటించినవాడు మన ఢిల్లీ వైద్యుడు పి. ఎన్. బెహల్. పిమ్మట ఒకటి రెండు మిల్లీమీటర్ల తునుకలను మచ్చలో వరుసగా నాటు పద్ధతి వచ్చెను. ఇది రెవెర్డిన్ ఉపాయమే. నాడు ప్రాకినది చర్మము, నేడు ప్రాకునది వర్ణకణము.

మచ్చ కనీస మొక యేడాది పెరుగక నిలిచియుండనిదే ఈ చికిత్స తగదు. పెరుగుచున్న రోగమున కత్తిగాటు పడినచోటనే క్రొత్తమచ్చ లేచును. వ్రేళ్లకొనలపై ఫలితము తక్కువ. నాటినచోట చర్మము గులకరాళ్లవలె ఎగుడుదిగు డగుటయు కలదు. ఇవి చెప్పక పూర్తి స్వస్థతకు పూచీపడు ప్రకటనలు మన గోడలనిండ నున్నవి. తునుకచుట్టును రంగు పొడచూపుటకే వారములు పట్టును. మచ్చ నిండుటకు మాసములు కావలెను.